పికప్‌లో పాట పగిలిపోతుంటే ముందు మార్చాల్సింది స్టీరియో కాదు

ప్రశ్న: అన్నా, ఈమధ్యే సెకండ్ హ్యాండ్‌లో డబుల్ క్యాబ్ పికప్ తీసుకున్నా. బండి బాగుంది, సౌండే ఏడిపిస్తోంది. నెమ్మదిగా పోతున్నంతసేపు పర్లేదు, హైవే ఎక్కి స్పీడ్ అందుకోగానే పాటలో సగం వినపడదు, వాల్యూమ్ పెంచితే పగిలిపోతుంది, డోర్ పానెల్స్ గడగడ కొట్టుకుంటాయి. షాపులో అడిగితే స్టీరియో, నాలుగు స్పీకర్లు, ఆంప్ (స్పీకర్లకి పవర్ పెంచే డబ్బా), పెద్ద సబ్ (లోతు సౌండ్‌కి వాడే సబ్ వూఫర్) అన్నీ ఒకేసారి మార్చేయమన్నారు. మా ఫ్రెండేమో స్టీరియో ఒక్కటి మార్చు చాలు అంటాడు. కానీ కంపెనీ స్క్రీన్‌లోనే రివర్స్ కెమెరా, ఏసీ సెట్టింగులు వస్తాయి, తీసేస్తే అవన్నీ పోతాయేమోనని భయం. వెనక సీట్లో పిల్లలు కూర్చుంటారు, సీటు కింద సామాన్లు పెట్టుకుంటా. ఏది ముందు చేయాలి, ఏది అసలు అక్కర్లేదు? పానెల్స్ విప్పడం లాంటి పని నేనే చేసుకోవచ్చా?

జవాబు:

తమ్ముడూ, ముందు నీ భయం సంగతి తేల్చేద్దాం. ఆ స్క్రీన్ జోలికి పోకు. కెమెరా, ఏసీ, సీటు బెల్టు పెట్టుకోకపోతే వచ్చే టింగ్ టింగ్, పార్కింగ్ బీప్, స్టీరింగ్ మీద బటన్లు, ఇవన్నీ దానితో ముడిపడి ఉంటాయి, అది తీసి వేరేది పెట్టాలంటే బండి మోడల్‌కి సరిపోయే ఇంటర్‌ఫేస్ బాక్స్, అంటే కొత్త స్టీరియోని బండి వైరింగ్‌తో మాట్లాడించేది, దొరకాలి, దొరికినా ఏదో ఒకటి పనిచేయకుండా పోయే ఛాన్స్ ఉంటుంది. ఇంత తలనొప్పి పడ్డాక కూడా కొత్త స్టీరియో అదే పాత స్పీకర్లని, అదే రేకు డోర్లని ఊపుతుంది, అంటే నీకు తేడా తెలిసేది చాలా తక్కువ.

మీ ఫ్రెండ్ చెప్పేదానికి కారణం ఏంటో కూడా తెలుసు, కొత్త స్టీరియో డబ్బా మీద 50 వాట్స్ ఇంటూ 4 అని రాసి ఉంటుంది కదా, అది చూసి కంపెనీదానికంటే రెండింతల పవర్ వస్తుందనుకుంటారు. బండి ఇంజిన్ ఆన్‌లో ఉంటే కరెంటు 14.4 వోల్టుల దగ్గర ఉంటుంది, స్టీరియో లోపల ఉండే చిన్న ఆంప్ చిప్పుకి దొరికేది అంతే, దానితో 4 ఓమ్స్ (ఓమ్స్ అంటే కరెంటుకి స్పీకర్ ఇచ్చే అడ్డు) స్పీకర్‌కి క్లీన్‌గా ఇవ్వగలిగింది లెక్కేస్తే కాగితం మీదే 26 వాట్లు దాటదు, నిజంగా వచ్చేది 18, 20 వాట్లు. ఆ 50 అనేది సౌండ్ పూర్తిగా పగిలిపోయి చదునైపోయిన సిగ్నల్‌కి వచ్చే లెక్క. కంపెనీ స్టీరియో అయినా, బయట కొన్నదైనా, విడిగా ఆంప్ లేకపోతే దాదాపు అన్నీ ఈ గీత లోపలే ఉంటాయి. అందుకే ఎక్కడ చూసినా ఆర్‌ఎమ్‌ఎస్ (నిలకడగా ఇవ్వగలిగే పవర్) అని రాసిన అంకె చూడు, మాక్స్, పీక్ అని పెద్ద అక్షరాలతో ఉన్నది వదిలేయ్.

డబ్బులు ఖర్చుపెట్టేముందు ఉత్తినే ఒక పని చేసి చూడు. సెట్టింగుల్లోకి వెళ్ళి బాస్ రెండు మూడు మెట్లు తగ్గించు, లౌడ్‌నెస్ లాంటిది ఏదైనా ఉంటే ఆఫ్ చేయ్, ఫేడర్ (ముందు, వెనక స్పీకర్ల మధ్య సౌండ్ పంచేది) కొంచెం ముందుకి జరుపు, ఫోన్‌లో ఈక్వలైజర్ ఏదైనా పెట్టుకుని ఉంటే అది కూడా తీసేయ్, పాటల యాప్‌లో క్వాలిటీ హై చేయ్, కుదిరితే బ్లూటూత్ కాకుండా యూఎస్‌బీ కేబుల్‌తో కనెక్ట్ చేసి విను. పగలడం ఎంత తగ్గిందో చూడు. చాలామంది బాస్ సరిపోవట్లేదని బాస్ నాబ్ చివరిదాకా తిప్పి పెడతారు, ఉన్న ఆ 18 వాట్లూ ఆ లోతు సౌండ్‌కే అయిపోయి గొంతు, తబలా అన్నీ పాడైపోతాయి. ఇది సర్దుకోగానే కొంతమందికి ఇక అప్‌గ్రేడే అక్కర్లేదనిపిస్తుంది, నీకూ అలా అయితే సంతోషం, ఇక్కడితో చదవడం ఆపేయొచ్చు.

సౌండ్ పగలడం ఇంకా ఆగలేదంటే ఇక పని మొదలెట్టాల్సింది ముందు రెండు డోర్ల దగ్గర. ఇది నేను ఎవరికైనా చెప్పేదే, ఎందుకంటే స్పీకర్ ఒక్కటే స్పీకర్ కాదు, అది బిగించిన డోర్ కూడా స్పీకర్‌లో భాగమే. ఇంట్లో వాడే స్పీకర్‌ని విప్పి కోన్ (ముందుకీ వెనక్కీ ఊగే గరాటు లాంటి భాగం) ఒక్కటీ చేత్తో పట్టుకుని వాయిస్తే బాస్ అస్సలు రాదు, చెక్క డబ్బాలో ఉంటేనే వస్తుంది. కారణం సింపుల్, కోన్ ముందుకి కదిలినప్పుడు ముందు గాలి నొక్కుకుంటుంది, వెనక గాలి పలచబడుతుంది, ఆ రెండూ కలిసిపోతే లోతు సౌండ్ ఒకదాన్నొకటి చంపేసుకుంటాయి. బండిలో ఆ డబ్బా పని చేయాల్సింది డోరు. మరి డోర్ చూస్తే బయట పలచటి రేకు, లోపలి రేకుకి అన్నీ పెద్ద పెద్ద కంతలు, వాటి మీద ఒక ప్లాస్టిక్ కవరు, దాని మీద క్లిప్పులతో బిగించిన ట్రిమ్, అంటే నీకు కనిపించే డోర్ పానెల్. సగం సౌండ్ అక్కడే చచ్చిపోతుంది, మిగతా సగం రేకునీ ట్రిమ్‌నీ ఊపడానికి పోతుంది, నీకు వినపడే గడగడ అదే. ఇలాంటి డోర్‌లో ఎంత మంచి స్పీకర్ పెట్టినా గడగడ ఇంకా పెరుగుతుంది తప్ప తగ్గదు, షాపుల్లో దీని గురించి ఎక్కువమంది ఎత్తరు, ఎందుకంటే ఇది టైమ్ పట్టే చెమట పని, డబ్బా విప్పి చూపించడానికి అందులో మెరిసేది ఏమీ ఉండదు.

చేయాల్సింది ఇలా. డోర్ ట్రిమ్ విప్పాక ప్లాస్టిక్ కవర్ జాగ్రత్తగా ఊడదీయి, బయటి రేకు లోపలి వైపు శుభ్రంగా తుడువు, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిస్తే జిడ్డు పోతుంది, జిడ్డు ఉంటే షీట్ అతుక్కోదు. తర్వాత అల్యూమినియం పొర ఉన్న బ్యూటైల్ డ్యాంపింగ్ షీట్ (రేకు ఊగకుండా ఆపే, రబ్బరు లాంటి అతుక్కునే షీట్) ముక్కలుగా కోసి, స్పీకర్ వెనకాల, రేకు వెడల్పుగా బోసిగా ఉన్న చోట మధ్యలో అంటించి రోలర్‌తో గట్టిగా రుద్దు. మొత్తం రేకు కప్పాల్సిన పనిలేదు, పావు వంతు నుంచి సగం కప్పితే రేకు మోత చాలావరకు పోతుంది, ఆపైన వేసే ప్రతి షీటూ బరువు పెంచడానికే. వేలితో కొట్టి చూడు, ముందు టంగుమన్న రేకు ఇప్పుడు దబ్ అంటే చాలు. తారు లాంటి బిటుమెన్ షీట్లు తక్కువలో వస్తాయి గానీ ఎండలో నిలబడ్డ బండిలో మెత్తబడి జారతాయి, వాసన కూడా వస్తుంది, వాటి జోలికి పోవద్దు.

ఆ తర్వాత లోపలి రేకుకున్న కంతలు మూయాలి, అసలు లాభం ఇక్కడే. చిన్న కంతలకి అదే బ్యూటైల్ షీట్ చాలు, పెద్దవాటికి గట్టి ప్లాస్టిక్ షీటు గానీ పలచటి అల్యూమినియం రేకు గానీ కోసి స్క్రూలతో బిగించి అంచులు సీల్ చేయ్, రేపు గ్లాస్ మోటార్ పాడైతే మళ్ళీ విప్పుకునేలా ఉండాలి, శాశ్వతంగా మూసేయకు. డోర్ అడుగున నీళ్ళు పోయే చిన్న కంతలుంటాయి, వాటిని మాత్రం పొరపాటున కూడా మూయొద్దు, గ్లాస్ పక్కనుంచి వాననీళ్ళు డోర్ లోపలికి దిగడం మామూలే, బయటికి పోయే దారి లేకపోతే డోర్ తుప్పు పడుతుంది. ప్లాస్టిక్ కవర్ కూడా ఊరికే పెట్టింది కాదు, నీళ్ళు ట్రిమ్ వైపు రాకుండా అదే ఆపుతుంది, కంతలు మూసినా మూయకపోయినా దాన్ని మళ్ళీ అంటించు.

ఇంకో ముఖ్యమైన మాట, కొన్ని బండ్లలో డోర్ లోపల ప్రెషర్ సెన్సార్ ఉంటుంది, పక్కనుంచి ఎవరైనా గుద్దితే డోర్ లోపల గాలి ఒత్తిడి మారడం చూసి సైడ్ ఎయిర్‌బ్యాగ్ తెరవమని చెప్పేది అదే. లోపలి రేకు మీద చిన్న నల్ల డబ్బాలా వైరుతో ఉంటుంది. అలాంటిది కనిపిస్తే దాన్ని కప్పడం, కదపడం, దానికి గాలి అందే దారి మూయడం చేయకు, ఆ డోర్‌కి కంతలు మూసే పని కంపెనీ సర్వీస్ మాన్యువల్ చూశాకే పెట్టుకో. అలాగే ట్వీటర్లు (సన్న సౌండ్ ఇచ్చే చిన్న స్పీకర్లు) ముందు అద్దం పక్క పిల్లర్‌లో పెట్టాలనిపిస్తే, చాలా బండ్లలో కర్టెన్ ఎయిర్‌బ్యాగ్ అటునుంచే వస్తుంది, దాని ముందునుంచి వైరు పోతే అది తెరుచుకునేటప్పుడు అడ్డం పడుతుంది, వైరు ఎప్పుడూ ఎయిర్‌బ్యాగ్ వెనకనుంచే పోవాలి.

ఇప్పుడు స్పీకర్లు. ముందు డోర్లకి కాంపోనెంట్ సెట్ తీసుకో, అంటే లావు సౌండ్ ఇచ్చే వూఫర్ వేరు, ట్వీటర్ వేరు, మధ్యలో ఎవరి సౌండ్ వాళ్ళకి పంచే క్రాసోవర్. పికప్‌లో డోర్ స్పీకర్ మోకాలి కింద ఉంటుంది, సన్న సౌండ్ ఎటు చూపిస్తే అటే పోతుంది కాబట్టి ట్వీటర్ కూడా అక్కడే ఉంటే పాట పాదాల దగ్గర్నుంచి వస్తున్నట్టు ఉంటుంది, ట్వీటర్ డాష్‌బోర్డ్ మీదో అద్దం మూలలోనో ఉంటే గొంతు ఎదురుగా నిలబడుతుంది. కంపెనీవాళ్ళు డాష్ మీద ట్వీటర్‌కి జాగా ఇచ్చి ఉంటే ఇంకా మంచిది. అలా జాగా లేకపోతే, వైర్లు లాగే ఓపిక లేకపోతే కోయాక్సియల్ (వూఫర్, ట్వీటర్ ఒకే స్పీకర్‌లో ఉండేది) పెట్టుకున్నా కొంప మునగదు.

కొనేముందు మూడు చూసుకో. ఒకటి సెన్సిటివిటీ, అంటే ఇచ్చిన పవర్‌కి స్పీకర్ ఎంత గట్టిగా మోగుతుందో, ఆంప్ ఇప్పుడే పెట్టట్లేదనుకుంటే ఇదే అన్నిటికంటే ముఖ్యం. 3 డెసిబెల్స్ ఎక్కువుంటే అదే సౌండ్‌కి సగం పవర్ చాలు, అంటే 92 డెసిబెల్స్ స్పీకర్ 20 వాట్లతో ఎంత మోగుతుందో 86 స్పీకర్ అంత మోగాలంటే 80 వాట్లు కావాలి, ఖరీదైన స్పీకర్లలో కూడా ఈ రెండో రకం ఉంటాయి, వాటిని కంపెనీ స్టీరియోకి కలిపి పాతదాంట్లోనే సౌండ్ ఎక్కువొచ్చేది అని బాధపడేవాళ్ళు చాలామంది ఉన్నారు. రెండోది ఓమ్స్. బయట దొరికేవి ఎక్కువగా 4 ఓమ్స్, కంపెనీవి 2, 3, 6, 8 కూడా ఉంటాయి, పాత స్పీకర్ వైర్ పీకి మల్టీమీటర్ పెట్టి చూడు, మీటర్ చూపించేది స్పీకర్ మీద రాసే అంకెకంటే కొంచెం తక్కువే ఉంటుంది, 4 ఓమ్స్‌ది 3.2 నుంచి 3.8 మధ్యలో చూపిస్తుంది. కంపెనీది 8 ఉండి నువ్వు 2 పెడితే స్టీరియో లోపలి చిప్పు వేడెక్కి ఆగిపోవచ్చు. మూడోది లోతు, గ్లాస్ పూర్తిగా కిందికి దించి, స్పీకర్ కూర్చునే చోటునుంచి గ్లాస్‌దాకా ఎంత ఉందో కొలువు, మాగ్నెట్ దానికి తగలకూడదు. చాలకపోతే మధ్యలో స్పేసర్ రింగ్ పెడతారు, ప్లాస్టిక్‌దో అల్యూమినియంతో చేసిందో తీసుకో, ఎండీఎఫ్ చెక్క రింగ్ డోర్‌లో తడికి ఉబ్బిపోతుంది. స్పీకర్ ముందు అంచు చుట్టూ ఫోమ్ పట్టీ అంటించి అది ట్రిమ్ గ్రిల్‌కి ఆనేలా చేయ్, లేకపోతే సౌండ్ సగం ట్రిమ్ వెనక్కే పోయి మళ్ళీ అదే గడగడ.

ప్లస్ మైనస్ తారుమారు కాకుండా చూసుకో. ఒక స్పీకర్ తిరగబడితే ఒకటి ముందుకి తోస్తుంటే ఇంకోటి వెనక్కి లాగుతుంది, బాస్ మాయమవుతుంది, గొంతు ఎక్కడుందో తెలీదు. 1.5 వోల్టుల పెన్సిల్ సెల్ స్పీకర్ వైర్లకి ఒక్క క్షణం తాకించు, సెల్ ప్లస్ స్పీకర్ ప్లస్‌కి తగిలితే కోన్ బయటికి కదలాలి. స్టీరియో కలిపి ఉన్నప్పుడు ఈ పని చేయకు, స్పీకర్ విడిగా ఉన్నప్పుడే. కంపెనీ ప్లగ్ కోసేయకుండా అడాప్టర్ హార్నెస్ (కంపెనీ ప్లగ్‌కి సరిపోయే వైర్ల జత) వాడు, బండి అమ్మే రోజు పాత స్పీకర్లు పెట్టేసి నీవి నువ్వు పట్టుకుపోవచ్చు.

డోర్ విప్పడం నువ్వే చేసుకోగలవు, భయపడాల్సింది లేదు గానీ తొందరపడకూడదు. స్క్రూలు హ్యాండిల్ గుంటలో, ఆర్మ్‌రెస్ట్ కింద చిన్న ప్లాస్టిక్ మూతల వెనక దాక్కుని ఉంటాయి, ట్రిమ్ రావట్లేదంటే ఇంకో స్క్రూ మిగిలిందనే అర్థం, బలం వాడకు. కిందనుంచి ప్లాస్టిక్ పట్టీతో క్లిప్పులు ఊడదీసి, చివర్లో ట్రిమ్‌ని పైకి ఎత్తి గ్లాస్ అంచునుంచి విడదీయాలి, వెనక స్విచ్‌ల వైర్లు, లాక్ కేబుల్ ఉంటాయి కాబట్టి ఒక్కసారిగా లాగకు. క్లిప్పులు కొన్ని విరగడం మామూలే, ముందే నాలుగు ఎక్స్‌ట్రా తెచ్చిపెట్టుకో, విరిగిన క్లిప్పుతో బిగిస్తే నువ్వు కష్టపడి పోగొట్టిన మోత మళ్ళీ వస్తుంది. బ్యాటరీ మైనస్ తీసేసి కొన్ని నిమిషాలు ఆగాకే మొదలెట్టు, ఏ ప్లగ్ అయినా ఊడి ఉన్నప్పుడు ఇగ్నిషన్ ఆన్ చేయకు, ఎయిర్‌బ్యాగ్ లైట్ వెలిగి కూర్చుంటుంది.

ఇంతవరకు చేసి ఒక నెల వాడు. నిజంగా చెప్తున్నా, ఇక్కడే ఆగిపోయేవాళ్ళు చాలామంది ఉంటారు. ఒకటి మాత్రం ఆశ పెట్టుకోకు, ఈ షీట్లతో టైర్ల మోత మాయమైపోదు, అవి రేకు ఊగడాన్ని ఆపుతాయి అంతే, గట్టి పళ్ళున్న ఆల్ టెర్రైన్ టైర్లు వేసుకుని ఉంటే ఆ హోరు ఎలాగూ ఉంటుంది. రోడ్డు హోరు ఎక్కువగా లోతు సౌండే, అందుకే స్పీడ్ పెరగ్గానే పాటలో ముందు పోయేది బాస్, దాన్ని హోరు మీదికి తేవాలంటే పవర్ కావాలి, నీకు ఇంకా కొరత అనిపిస్తే అప్పుడు ఆంప్ గురించి ఆలోచించు.

ఆంప్ అంటే నాలుగు ఛానెళ్ళది, ఛానెల్‌కి 50 నుంచి 75 వాట్లు ఆర్‌ఎమ్‌ఎస్, క్లాస్ డీ (తక్కువ వేడెక్కే చిన్న రకం), లోపలే డీఎస్పీ (సౌండ్‌ని సరిదిద్దే చిప్పు) ఉన్నది. ఇప్పుడివి అరచేయంత సైజులో కూడా వస్తున్నాయి, సీటు కిందో డాష్ వెనకో పట్టేస్తాయి. కంపెనీ స్టీరియో స్పీకర్ వైర్లనే ఇన్‌పుట్‌గా తీసుకునేది చూసి కొను, అప్పుడు స్పీకర్ వైర్ల సిగ్నల్‌ని ఆంప్‌కి సరిపోయేలా మార్చే లైన్ అవుట్‌పుట్ కన్వర్టర్ విడిగా అక్కర్లేదు. స్క్రీన్ అలాగే ఉంటుంది, కెమెరా, బీపులు అన్నీ అలాగే ఉంటాయి, సిగ్నల్ మాత్రం ఆంప్ గుండా పోతుంది. డీఎస్పీ ఎందుకంటున్నానంటే కంపెనీ స్టీరియోలు చాలావాటికి ఒక దొంగ బుద్ధి ఉంటుంది, చిన్న స్పీకర్లు చిరిగిపోకుండా వాల్యూమ్ పెరిగేకొద్దీ బాస్‌ని చెప్పకుండా తగ్గించేస్తాయి, ఇంకొన్నిట్లో స్పీకర్ లోపాలు కప్పడానికి ముందే ఈక్వలైజర్ పెట్టి ఉంటుంది, అవన్నీ సరిచేయడానికి దారి అది. పైగా నువ్వు డ్రైవర్ సీట్లో ఒక డోర్‌కి దగ్గర, ఇంకోదానికి దూరం. సౌండ్ ఒక మిల్లీసెకన్‌కి 34 సెంటీమీటర్లు పోతుంది, దగ్గరి స్పీకర్‌ని ఒకటిన్నర మిల్లీసెకన్ ఆలస్యం చేస్తే అర మీటరు తేడా సర్దుకుంటుంది, పాడేవాళ్ళు డోర్‌లోంచి లేచి డాష్ మధ్యకి వచ్చి కూర్చున్నట్టు ఉంటుంది. ఇది వినేదాకా ఎవరూ నమ్మరు. డోర్ స్పీకర్లకి హై పాస్ ఫిల్టర్ (అంతకంటే లోతు సౌండ్‌ని ఆపేది) 80 హెర్ట్జ్ దగ్గర పెట్టు, వాటికి మోయలేని బరువు తగ్గి మిగతాదంతా శుభ్రంగా వాయిస్తాయి. ఈక్వలైజర్‌లో పెంచడం కంటే ఎక్కువైనదాన్ని తగ్గించడం అలవాటు చేసుకో.

ఒక్క సంగతి ముందే కనుక్కో, మీ బండిలో కంపెనీ ప్రీమియం సౌండ్ సిస్టమ్ ఉండి దానికి విడిగా ఆంప్ ఉంటే లెక్క మారిపోతుంది, అందులో ట్వీటర్‌కి సన్న సౌండ్ ఒక్కటే, వూఫర్‌కి లావు సౌండ్ ఒక్కటే విడివిడి వైర్లలో వస్తాయి, స్పీకర్లు 2 ఓమ్స్ ఉండొచ్చు. డోర్ వైర్ ఒకటి పట్టుకుని అందులో పాట మొత్తం ఉందనుకుంటే పొరపాటు, అన్నిటినీ డీఎస్పీలో కలపాలి. అలాంటిదైతే ఆ పని తెలిసినవాళ్ళకి ఇవ్వడం మంచిది.

కరెంటు వైరింగ్ దగ్గర మాత్రం నేను కొంచెం చాదస్తంగా మాట్లాడతా, ఏమనుకోకు. బ్యాటరీ నుంచి ఆంప్‌కి పోయే వైర్‌కి ఫ్యూజు బ్యాటరీ పక్కనే, 45 సెంటీమీటర్ల లోపు ఉండాలి, ఫ్యూజు ఆంప్‌ని కాపాడ్డానికి కాదు, వైరు ఎక్కడైనా ఒరుసుకుని రేకుకి తగిలితే బండి తగలబడకుండా కాపాడ్డానికి. ఇంజిన్ వైపు నుంచి క్యాబిన్‌లోకి వచ్చే చోట రబ్బరు గ్రోమెట్ (రేకు అంచు వైరుని కోయకుండా కంతలో పెట్టే రింగ్) తప్పనిసరి. 300 వాట్ల ఆంప్ గట్టిగా పనిచేస్తే 27 ఆంపియర్ల దాకా లాగుతుంది, దానికి మంచి రాగి 8 గేజ్ (వైరు లావు కొలత) వైరు చాలు. కిట్లలో వచ్చే వైరు చాలాసార్లు పైన రాగి పూత వేసిన అల్యూమినియం, సీసీఏ అని రాస్తారు, కరెంటు మోయడంలో అది రాగిలో మూడింట రెండు వంతులు కూడా ఉండదు, అదే వాడాలంటే ఒక సైజు లావు తీసుకో. గ్రౌండ్ వైరు పొట్టిగా, పెయింట్ గీకిన శుభ్రమైన బాడీ రేకుకి బోల్టుతో బిగించు, సీటు బెల్టు బోల్టుకి మాత్రం పెట్టకు. యాక్సిలరేటర్ తొక్కితే స్పీకర్లో సన్నగా కూత పెరుగుతుంటే తొంభై పాళ్ళు ఈ గ్రౌండ్ దగ్గరే తేడా ఉంటుంది. ఆంప్ నుంచి డోర్‌కి కొత్త వైర్లు లాగాలా అని అడుగుతారు, ఈ పవర్‌కి కంపెనీ వైర్లు చాలు, డోర్ రబ్బరు గొట్టంలోంచి కొత్త వైరు దూర్చే పని పగవాడికి కూడా వద్దు.

ఆంప్ మీద ఉండే గెయిన్ నాబ్ వాల్యూమ్ కాదు, స్టీరియో సిగ్నల్‌కి ఆంప్‌ని సరిపెట్టేది, ఈ ఒక్కటీ తెలియకే ట్వీటర్లు కాలిపోతాయి. స్టీరియో వాల్యూమ్ ముప్పావు దాకా పెట్టి, స్పీకర్లు పీకేసి, 1000 హెర్ట్జ్ టెస్ట్ టోన్ వాయిస్తూ ఆంప్ అవుట్‌పుట్ దగ్గర మల్టీమీటర్ ఏసీ వోల్టులు చూడు, 50 వాట్లు 4 ఓమ్స్‌కి 14.1 వోల్టులు, 75 వాట్లకి 17.3, అక్కడ ఆపేయ్. గెయిన్ మరీ ఎక్కువ పెడితే ఇంకో తమాషా, రివర్స్ తీసిన ప్రతిసారీ పార్కింగ్ బీప్ చెవిలో పొడిచినట్టు వస్తుంది, ఎందుకంటే ఆ బీప్ కూడా ఆంప్ గుండానే పోతుంది. అన్నీ అయ్యాక బండి లాక్ చేసి కాసేపాగి బ్యాటరీ నుంచి ఎంత కరెంటు పోతుందో చూడు, 50 మిల్లీయాంప్స్ లోపుంటే సాధారణంగా పర్లేదు. సిగ్నల్ చూసి తనంతట తను ఆన్ అయ్యే ఆంప్‌లు కొన్ని బండి నిద్రపోయినా నిద్రపోవు, వారం బండి తీయకపోతే పొద్దున్నే స్టార్ట్ కాదు.

సబ్ గురించి. షాపులో చెప్పిన పెద్ద సబ్ నీకు వద్దు. పికప్ క్యాబిన్ చిన్నది, మూసేసిన చిన్న జాగాలో లోతు సౌండ్ తనంతట తనే బలపడుతుంది, 8 అంగుళాలో 10 అంగుళాలో ఉన్న పలచటి సబ్ సీల్డ్ (గాలి బయటికి పోకుండా మూసిన) బాక్స్‌లో వెనక సీటు కింద పెడితే చాలు, లోపలే ఆంప్ ఉన్న అండర్ సీట్ రకమైతే వైరింగ్ ఇంకా తేలిక. సబ్‌కి లోతు సౌండ్ ఒక్కటే పంపే లో పాస్ ఫిల్టర్ 80 హెర్ట్జ్, కోన్ కదిలే దిశ తిప్పే ఫేజ్ స్విచ్ రెండు వైపులా వేసి ఏది నిండుగా ఉంటే అది. సామాన్ల జాగా కొంత పోతుంది, అది నీ ఇష్టం, పొలం పనిముట్లో టూల్ బాక్సో అక్కడే ఉండాలంటే సబ్ లేకుండా బతకొచ్చు. పెడితే మాత్రం బాక్స్‌ని బోల్టులతో కిందికి బిగించాల్సిందే, పిల్లలు కూర్చునే చోటు, గట్టి బ్రేక్ వేస్తే ఆ బరువు ఎటు ఎగురుతుందో ఆలోచించు. పిల్లల సీటుకి పైపట్టా తగిలించే కొక్కెం పికప్‌ల్లో వెనక సీటు వెనకాలే ఉంటుంది, దానికి అడ్డం రాకూడదు. వెనక గోడకి కూడా డోర్‌లాగే కొంచెం బ్యూటైల్ వేయ్, అది మొత్తం పలచటి రేకే, కానీ అక్కడ గాలి బయటికి పోయే రబ్బరు రెక్కల వెంట్ ఉంటుంది, దాన్ని మూస్తే డోర్ వేయడం కష్టమవుతుంది, అద్దాలు ఆవిరి పడతాయి. జాకీ, స్పానర్లు కూడా ఆ వెనకే ఉంటాయి, 30 నుంచి 100 హెర్ట్జ్ దాకా మెల్లగా పెరిగే టోన్ ఫోన్‌లో వాయించి ఏది ఎక్కడ మోగుతుందో చేత్తో నొక్కి పట్టుకో, సగం సార్లు దొంగ ఆ జాకీయే.

వెనక డోర్ స్పీకర్లు వదిలేయ్. పిల్లలకి పాట వినపడాలి అంతే కదా, కంపెనీవి పాడవకపోతే అవే చాలు, ఆంప్ వచ్చాక వాటిని ముందువాటికంటే తక్కువలో పెట్టుకో. పిల్లలున్న బండి కాబట్టి ఇంకో మాట, పని చోట్ల చెవులకి పెట్టే పరిమితుల్లో 85 డెసిబెల్స్ అయితే 8 గంటలు, అక్కడినుంచి ప్రతి 3 డెసిబెల్స్‌కీ టైమ్ సగానికి పడిపోతుంది, 94 అంటే గంట, పిల్లల చెవులకి ఇంకా తగ్గించే పెట్టాలి. సౌండ్ క్లీన్‌గా ఉంటే ఎంత గట్టిగా ఉందో మనకి తెలీదు, పగిలిపోయే సౌండే మనల్ని వాల్యూమ్ తగ్గించమంటుంది.

ఇదే ప్రశ్న ఉండి పాత బండి వాడేవాళ్ళకి, అంటే స్టీరియో విడి డబ్బాలా ఉండి ఏసీ, కెమెరాతో సంబంధం లేనివాళ్ళకి మాత్రం స్టీరియో మార్చడం మంచి పనే. ఖాళీ జాగా 180 బై 50 మిల్లీమీటర్లు ఉంటే సింగిల్ డిన్ (డిన్ అంటే స్టీరియో సైజు పేరు), 180 బై 100 ఉంటే డబుల్ డిన్, కొత్త స్టీరియో వైర్లలో పసుపు ఎప్పుడూ ఉండే 12 వోల్టులు, ఎరుపు తాళం తిప్పితే వచ్చేది, నలుపు గ్రౌండ్, నీలం మీద తెల్ల గీత ఉన్నది ఆంప్‌ని లేపేది. బండి వైపు రంగులు వేరే ఉంటాయి, అవి చూసి రంగుకి రంగు కలిపేయకుండా అడాప్టర్ వాడితే సరి.

నువ్వు ఇప్పుడు చేయాల్సింది ఒక డోర్ విప్పి మూడు చూడటం: పాత స్పీకర్ ఓమ్స్, గ్లాస్ దించాక మిగిలే లోతు, లోపల ఆ ప్రెషర్ సెన్సార్ ఉందా లేదా. బండి మోడల్, ఏ సంవత్సరందో, వీటితోపాటు రాయి, ఏ సైజు స్పీకర్ కూర్చుంటుందో, రింగ్ ఎంత మందం కావాలో అప్పుడు చెప్తా. అప్పటిదాకా షాపుకి అడ్వాన్స్ ఇవ్వకు.